ఇసుకకు ఘర్షణ కోణం ఎంత అని అడిగే ముందు

"ఈ ఇసుకకు ఫై ఎంత వేయాలి?" మట్టి ప్రవర్తనను కంప్యూటర్‌లో మోడల్ చేసే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. ఫై అంటే ఘర్షణ కోణం, ఇసుక జారిపోకుండా ఎంతవరకు నిలబడగలదో చెప్పే అంకె. ముప్పై మూడు డిగ్రీలని చెప్పి పంపించవచ్చు. ముప్పై ఆరు అన్నా ఎవరూ ఎదురు చెప్పరు, పట్టికల్లో రెండూ దొరుకుతాయి. కానీ అలా పంపించడానికి నాకు మనసొప్పదు. ఆ ప్రశ్న ఇసుకను ఉక్కులాగా చూస్తోంది. ఉక్కు ఏ శ్రేణిదో తెలిస్తే దాని బలం దాదాపు తెలిసినట్టే. ఇసుక ఎక్కడిదో, రేణువులు ఎంత పరిమాణంలో ఉన్నాయో, ఏ ఖనిజంతో ఏర్పడ్డాయో అన్నీ తెలిసినా బలం మాత్రం తెలియదు. అది ఎంత దట్టంగా పేరుకుందో, ఎంత ఒత్తిడి కింద ఉందో, ఎలాంటి షియర్‌కు, అంటే రేణువులను ఒకదాని మీద ఒకటి జరిపే బలానికి, లోనవుతోందో తెలిసేదాకా ఫై అనే అంకె దేని గురించి చెబుతోందో చెప్పలేం.

నా వాదన సూటిగా ఇది. ఇసుక పరామితుల్లో రెండు రకాలు ఉన్నాయి. రేణువుల స్వభావంతో వచ్చేవి కొన్ని, ఇసుక ప్రస్తుతం ఉన్న స్థితితో వచ్చేవి మరికొన్ని. మోడల్ ఎంచుకోవడానికి ముందే, పరీక్షల వక్రరేఖల మీద గీతలు సరిపెట్టడానికి ముందే ఈ రెండింటినీ విడదీయాలి. ఆ పని చేయకపోతే ఎంత గొప్ప మోడల్ వాడినా ప్రయోజనం లేదు, ఒక సాంద్రత దగ్గర ఒక ఒత్తిడి కింద దొరికిన అంకెను ఇంకెక్కడో వాడుతూ ఉంటాం.

లెక్కతో చూపిస్తాను. 1986లో బోల్టన్ అనే పరిశోధకుడు ఎన్నో ఇసుకల పరీక్షా ఫలితాలను ఒకచోట చేర్చి చాలా సులభమైన సంబంధం ఒకటి ఇచ్చాడు. ఇసుక బాగా షియర్ అయిన తర్వాత, ఘనపరిమాణం ఇక మారని దశలో ఉండే కోణం ఒకటుంది. దాన్ని క్రిటికల్ కోణం అంటాం. క్వార్ట్జ్ ఇసుకకు అది సుమారు 33 డిగ్రీలు, ఫెల్డ్‌స్పార్ ఎక్కువగా ఉన్న ఇసుకకు 40 దాకా ఉంటుంది. ఇది రేణువుల సొత్తు. దీనికి పైన కనిపించే అదనపు కోణమంతా ఇసుక ఉబ్బడం వల్ల వచ్చేది. ఆ ఉబ్బు ఎంతో తెలుసుకోవడానికి బోల్టన్ ఒక సూచిక పెట్టాడు: పదిలోంచి సగటు ప్రభావక ప్రతిబలపు (నీటి పీడనం పోగా రేణువులు మోసే ఒత్తిడి) సహజ లాగరిథమ్‌ను తీసివేసి, మిగిలినదాన్ని సాపేక్ష సాంద్రతతో (అతి వదులు స్థితికి సున్నా, అతి దట్టమైన స్థితికి ఒకటి) గుణించి, ఒకటి తగ్గించాలి. ప్రతిబలం కిలోపాస్కళ్లలో ఉండాలి. ట్రైయాక్సియల్ పరీక్షలో (స్తంభంలాంటి నమూనాను చుట్టూ ఒత్తుతూ పైనుంచి నొక్కేది) ఈ సూచికకు మూడు రెట్లు, ప్లేన్ స్ట్రెయిన్‌లో (పొడవు దిశలో ఇసుక కదిలే వీల్లేని స్థితి) ఐదు రెట్లు క్రిటికల్ కోణానికి కలుపుకోవాలి.

ఇప్పుడు ఒకే క్వార్ట్జ్ ఇసుకను నాలుగు పరిస్థితుల్లో పెట్టి చూడండి. సాపేక్ష సాంద్రత 80 శాతం, ప్రతిబలం 200 కిలోపాస్కళ్లు అయితే ట్రైయాక్సియల్ కోణం 41 డిగ్రీలు దాటుతుంది. అదే సాంద్రత, ప్రతిబలం 1000 అయితే 37 చిల్లర. సాంద్రత 30 శాతానికి తగ్గిస్తే 200 కిలోపాస్కళ్ల దగ్గర 34, 1000 దగ్గర 33కే ఆగిపోతుంది. మొదటి పరిస్థితినే పొడవాటి పునాది కింద ఉండే ప్లేన్ స్ట్రెయిన్‌గా తీసుకుంటే కోణం దాదాపు 47కు వెళ్తుంది. ఇసుక ఒక్కటే, కోణాలు 33 నుంచి 47 దాకా. ఈ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపించినా పునాది లెక్కలో అలా ఉండదు. భార సామర్థ్యంలో వాడే ఎన్‌క్యూ గుణకం 33 డిగ్రీలకు 26, 41 డిగ్రీలకు 74. ఎనిమిది డిగ్రీలకు దాదాపు మూడు రెట్లు మారిపోయింది.

"అయితే ఫై ఎంత?" అని మళ్లీ అడిగితే వీటిలో ఏ పరిస్థితిలో నిలబడి అడుగుతున్నారో చెప్పమంటాను.

ఈ సంగతి కొత్తదేమీ కాదు. 1885లోనే ఆస్బోర్న్ రేనాల్డ్స్ దట్టంగా పేర్చిన రేణువులు ఒకదాని మీద ఒకటి కదలాలంటే మొత్తం పరిమాణం పెరగక తప్పదని చూపించాడు. సముద్రపు ఒడ్డున తడి ఇసుక మీద అడుగు వేస్తే పాదం చుట్టూ ఒక్క క్షణం పొడిబారినట్టు కనిపించడానికి కారణం అదే. ఇసుక ఉబ్బి, పైన ఉన్న నీటిని లోపలికి పీల్చుకుంటుంది. 1936లో కాసాగ్రాండే ఇంకో మెట్టు ఎక్కాడు. వదులుగా ఉన్న ఇసుక షియర్ అవుతూ కుంచించుకుంటుంది, దట్టమైనది ఉబ్బుతుంది, చివరికి రెండూ ఒకే సాంద్రతకు చేరతాయి అన్నాడు. 1958లో రాస్కో, స్కోఫీల్డ్, రాత్ దాన్ని క్రిటికల్ స్టేట్ సిద్ధాంతంగా మలిచారు. 1985లో బీన్, జెఫరీస్ ఆచరణకు అందే రూపం ఇచ్చారు. ఇసుక ప్రస్తుత వాయిడ్ రేషియోలోంచి, అదే ఒత్తిడి దగ్గర క్రిటికల్ స్థితిలో ఉండే వాయిడ్ రేషియోను తీసివేస్తే వచ్చేది స్థితి పరామితి. వాయిడ్ రేషియో అంటే రేణువుల మధ్య ఖాళీకి, రేణువుల ఘనపరిమాణానికి ఉన్న నిష్పత్తి. స్థితి పరామితి రుణాత్మకమైతే ఇసుక ఉబ్బే స్వభావంతో ఉంది, ధనాత్మకమైతే కుంగే స్వభావంతో ఉంది.

నా దృష్టిలో ఇసుక గురించి ఒకే ఒక్క అంకె తెలుసుకునే అవకాశం ఉంటే తెలుసుకోవలసింది ఇదే. సాపేక్ష సాంద్రత కూడా దీనికి సాటిరాదు. ఎందుకో చెప్పడానికి టొయోరా ఇసుకను తీసుకుంటాను. ఇది ప్రపంచంలో అత్యధికంగా పరీక్షలకు గురైన ఇసుకల్లో ఒకటి. దీని గరిష్ఠ వాయిడ్ రేషియో 0.977, కనిష్ఠం 0.597. క్రిటికల్ స్థితి రేఖకు డఫాలియాస్, మంజారీ 2004లో వాడిన సమీకరణం ప్రకారం 100 కిలోపాస్కళ్ల దగ్గర క్రిటికల్ వాయిడ్ రేషియో 0.915, 1000 దగ్గర 0.839. ఇప్పుడు 0.88 వాయిడ్ రేషియోతో ఒక నమూనా తయారు చేశామనుకోండి. సాపేక్ష సాంద్రత 25 శాతం, అంటే ఎవరు చూసినా వదులైన ఇసుక అనే అంటారు. కానీ 100 కిలోపాస్కళ్ల కింద దాని స్థితి పరామితి మైనస్ 0.035, అది ఉబ్బుతుంది. 1000 కింద ప్లస్ 0.041, అక్కడ కుంగుతుంది. వదులు, దట్టం అనే మాటలకు ఒత్తిడి చెప్పకుండా అర్థం లేదన్నమాట. పది మీటర్ల ఎత్తు కట్టకు వాడిన ఇసుకనే అదే సాంద్రతతో వంద మీటర్ల కట్టకు వాడితే అడుగున ఉన్నది వేరే పదార్థంలా ప్రవర్తిస్తుంది. తక్కువ ఒత్తిడి దగ్గర చేసిన పరీక్షల నుంచి తీసిన డైలేషన్ కోణాన్ని (షియర్‌లో ఇసుక ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకెను) ఆ అడుగు భాగానికి వేసిన మోడల్ లేని బలాన్ని చూపిస్తుంది.

ఈ రెండో సందర్భం ఎంత ప్రమాదకరమో గుర్తుంచుకోవాలి. కుంగే స్వభావమున్న ఇసుక నీటితో నిండి ఉండి, నీరు బయటకు పోయే వ్యవధి లేనప్పుడు కుంగాలన్న ప్రయత్నమంతా నీటి పీడనంగా మారుతుంది. రేణువుల మధ్య ఒత్తిడి తగ్గిపోతుంది, బలం కూలిపోతుంది. 1938లో అమెరికాలోని ఫోర్ట్ పెక్ ఆనకట్ట నిర్మాణంలో ఉండగానే జారిపోయింది. అది ఇసుకను నీటితో కలిపి పంపింగ్ చేసి పోసిన కట్ట. 2019 జనవరి 25న బ్రెజిల్‌లోని బ్రుమాదిన్యోలో ఇనుప ఖనిజ వ్యర్థాల కట్ట క్షణాల్లో ద్రవంలా పారి 270 మందిని బలి తీసుకుంది. అక్కడి పదార్థం శుద్ధ ఇసుక కాదు. అయినా స్థితి ముఖ్యమా, కోణం ముఖ్యమా అన్న ప్రశ్నకు అక్కడ దొరికే జవాబు ఒకటే. అలాంటి కట్టకు ముప్పైకి పైగా ఉన్న ఘర్షణ కోణం వేసి, నీరు తేలిగ్గా బయటకు పోతుందని ఊహించి లెక్క కడితే భద్రతా గుణకం ఒకటికి పైనే రావచ్చు. ఆ అంకెలో మోసం లేదు, ప్రశ్నే తప్పు.

రేణువుల పరామితులను ఎలా పట్టుకోవాలో ఇప్పుడు చూద్దాం, ఎందుకంటే కష్టమంతా ఇక్కడే ఉంది. క్రిటికల్ కోణం కోసం దట్టమైన నమూనా మీద పరీక్ష చేసి, శిఖరం దాటిన తర్వాత వక్రరేఖ ఆగిన చోట చదివి అదే క్రిటికల్ అని రాసుకునే అలవాటు చాలా ల్యాబుల్లో ఉంది. దట్టమైన ఇసుకలో శిఖరం దగ్గరే షియర్ ఒక సన్నని పట్టీలోకి చేరిపోతుంది. ఆ పట్టీ మందం రేణువుల సగటు పరిమాణానికి సుమారు పది ఇరవై రెట్లు మాత్రమే. ఆ తర్వాత పట్టీలో జరిగేది ఒకటి, మిగతా నమూనాలో జరిగేది ఇంకొకటి. మనం కొలిచే ఘనపరిమాణం మొత్తం నమూనాకు సగటు. దాన్నుంచి క్రిటికల్ వాయిడ్ రేషియో తీయడం అంటే లేని దాన్ని కొలిచినట్టే. అందుకే క్రిటికల్ రేఖను వదులైన నమూనాల నుంచే రాబట్టాలి. అవి సాధారణంగా సమంగా వికృతి చెందుతాయి, క్రిటికల్ స్థితికి నిజంగా చేరుకుంటాయి.

వదులైన నమూనాల్లో వాయిడ్ రేషియో కొలవడం మరో చిక్కు. టొయోరా ఇసుకలో గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య దూరం మొత్తం 0.38. అంటే వాయిడ్ రేషియోలో 0.038 పొరపాటు పడితే సాపేక్ష సాంద్రతలో పది శాతం పోయింది. నమూనాను నీటితో నింపేటప్పుడు అది కొంత కుంగుతుంది, ఆ కుంగుడు లెక్కలో చేరకపోతే ఈ స్థాయి పొరపాటు రావడం ఎంతో తేలిక. పరీక్ష ముగిశాక నమూనాను సెల్‌లోనే గడ్డకట్టించి, అందులోని నీటిని తూచి వాయిడ్ రేషియో రాబట్టే పద్ధతి ఉంది. ఆ పద్ధతి వాడని నివేదికలోని క్రిటికల్ రేఖను నేను అనుమానంతోనే చదువుతాను. మీరూ అలాగే చదవండి. ల్యాబుకు రాసే ఉత్తరంలో ఈ ఒక్క వాక్యం చేర్చడం పెద్ద ఖర్చేమీ కాదు.

నమూనా తయారీ పద్ధతి కూడా చిన్న విషయం కాదు. తడిపి దట్టించి చేసినది, గాలిలోంచి వర్షంలా పోసి చేసినది, నీళ్లలోకి జారవిడిచి చేసినది, ఈ మూడింటికీ వాయిడ్ రేషియో ఒక్కటే అయినా రేణువుల అమరిక వేరు. నీటి నిష్క్రమణ లేని షియర్‌లో వాటి ప్రవర్తన అంతగానూ వేరవుతుంది. క్షేత్రంలో ఇసుక ఎలా పేరుకుందో దానికి దగ్గరగా ఉండే పద్ధతిని అడగాలి.

ఇక స్థితి. భూమిలో ఉన్న ఇసుకను చెదరకుండా తీయడం మామూలు గొట్టాలతో అయ్యే పని కాదు. నేలను గడ్డకట్టించి కోసి తీసే పద్ధతి ఒకటుంది, దానికయ్యే ఖర్చు ఎంతో పెద్ద పనులకే చెల్లుతుంది. కాబట్టి సాధారణంగా మనకున్నది కోన్ పరీక్ష, ఎస్‌పీటీ (గొట్టాన్ని సుత్తి దెబ్బలతో దించి ఆ దెబ్బలు లెక్కపెట్టే పరీక్ష), షియర్ తరంగ వేగం. నా ఓటు కోన్‌కే. సెకనుకు రెండు సెంటీమీటర్ల వేగంతో కోన్‌ను దించుతూ ఎడతెగకుండా నిరోధాన్ని నమోదు చేస్తారు, పలుచని వదులు పొర కూడా కనిపిస్తుంది. ఎస్‌పీటీలో మీటరున్నరకు ఒక అంకె వస్తే, రెండు అంకెల మధ్య దాగి ఉన్న పొర కనిపించదు. వదులు పొర ఎక్కడుందో తెలియకుండా సగటు ఫై పెట్టుకున్న మోడల్ ఎంత వివరంగా ఉన్నా ప్రమాదం ఏ పొరలో మొదలవుతుందో చెప్పలేదు. కోన్ నిరోధం సాంద్రతతోపాటు పక్క ఒత్తిడిని బట్టి, ఇసుక కుంగే గుణాన్ని బట్టి కూడా మారుతుంది. కాబట్టి ఒక ఇసుక మీద తయారైన సహసంబంధాన్ని ఇంకో ఇసుకకు, ముఖ్యంగా తేలిగ్గా నలిగే గవ్వల ఇసుకకు తగిలించకూడదు.

షియర్ తరంగ వేగం గురించి విడిగా చెప్పాలి. అది నేలలోని ఇసుకను కదపకుండా కొలిచే పద్ధతి, అందుకే నాకు చాలా ఇష్టం. సాంద్రతను వేగం వర్గంతో గుణిస్తే అతి చిన్న వికృతి (ఆకారపు మార్పు) దగ్గర షియర్ మాడ్యులస్, అంటే షియర్‌కు ఇసుక చూపే దృఢత్వం, వస్తుంది. ఘనపు మీటరుకు 1900 కిలోల సాంద్రత, సెకనుకు 200 మీటర్ల వేగం ఉంటే అది 76 మెగాపాస్కళ్లు. ఇంత నేరుగా వచ్చే పరామితి ఇసుకలో ఇంకొకటి లేదు. కానీ ఆ 76ను పునాది కుంగుబాటు లెక్కలో వేస్తే మోసపోతారు. వికృతి పెరిగేకొద్దీ దృఢత్వం వేగంగా పడిపోతుంది. ఒత్తిడిని బట్టి దృఢత్వం మారే హార్డెనింగ్ సాయిల్ మోడల్‌కు బెంజ్ 2007లో చేర్చిన చిన్న వికృతుల రూపంలో, మాడ్యులస్ దాదాపు 70 శాతానికి తగ్గే షియర్ వికృతిని ఒక పరామితిగా ఇస్తాం. దానికి ఇసుకలో మామూలుగా వాడే 0.00015 విలువ వేసి, షియర్ వికృతి 0.001 దాకా వెళ్లనిస్తే సీకెంట్ (అంతవరకు సగటు) మాడ్యులస్ మొదటిదానిలో 28 శాతమే మిగులుతుంది. 76 కాస్తా 21 అయింది. యంత్రం కంపనాలకు మొదటిది సరి, తవ్వకం పక్కన గోడ కదలికకు రెండోదానికి దగ్గరగా ఉండాలి.

దృఢత్వం ఒత్తిడితో కూడా మారుతుంది. ఒత్తిడికి ఒక ఘాతం వేసి దృఢత్వాన్ని చెప్పే పద్ధతి 1963లో జాన్బూ నుంచి వాడుకలోకి వచ్చింది. ఇసుకకు ఘాతం సుమారు సగం, అంటే ఒత్తిడి నాలుగు రెట్లయితే దృఢత్వం రెండు రెట్లు. పొరకు ఒకే మాడ్యులస్ ఇచ్చే మోర్-కూలూంబ్ మోడల్‌లో ఈ పెరుగుదల కనబడదు. లోతు పెరిగేకొద్దీ పొరను ముక్కలుగా చీల్చి విడివిడి అంకెలు వేయడమే దిక్కు. అదే మోడల్‌తో తవ్వకం చేస్తే అడుగు అతిగా పైకి ఉబికినట్టు వస్తుంది, గోడ కూడా దానితోపాటు పైకి లేస్తుంది. భారం తీసివేసినప్పుడు ఇసుక, భారం వేసినప్పటికంటే చాలా దృఢంగా స్పందిస్తుంది. హార్డెనింగ్ సాయిల్ మోడల్‌లో ఆ దృఢత్వాన్ని మామూలుగా మూడు రెట్లుగా తీసుకుంటారు. ఒకే మాడ్యులస్ ఉన్న మోడల్‌కు ఆ తేడా తెలియదు. తవ్వకానికి మోర్-కూలూంబ్ వాడి, ఉబుకు అతిగా వచ్చిందని మాడ్యులస్ పెంచుతూ పోయేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. ఆ పెంచిన మాడ్యులస్ గోడ పక్క కదలికను పాడు చేస్తుంది.

డైలేషన్ కోణం దగ్గరికి వస్తే నా మాట కటువుగానే ఉంటుంది. క్వార్ట్జ్ ఇసుకకు ఘర్షణ కోణంలోంచి ముప్పై తీసివేస్తే సరిపోతుందన్న సూత్రం విస్తృతంగా వాడుకలో ఉంది, మొదటి అంచనాగా తప్పు లేదు. తప్పు, దాన్ని స్థిరాంకంగా వాడడంలో ఉంది. మోర్-కూలూంబ్‌లో డైలేషన్ కోణం ఇచ్చారంటే ఇసుక షియర్ అవుతున్నంతసేపూ ఉబ్బుతూనే ఉంటుంది, ఆగదు. నిజమైన ఇసుక క్రిటికల్ స్థితికి చేరాక ఉబ్బడం ఆపేస్తుంది. పైల్ (నేలలోకి దించే పునాది స్తంభం) మొన దగ్గర ఇసుక చుట్టూ కట్టడిగా ఉంటుంది, ఎడతెగని ఉబ్బు అక్కడ ఒత్తిడిని పెంచుకుంటూ పోయి లేని సామర్థ్యం చూపిస్తుంది. నీరు బయటకు పోని పరిస్థితిలో ఇది ఇంకా ఘోరం. ఉబ్బాలని చూస్తే నీటి పీడనం పడిపోతుంది, రేణువుల మధ్య ఒత్తిడి పెరుగుతుంది, బలం హద్దు లేకుండా పెరుగుతుంది. అలాంటి విశ్లేషణలో ధనాత్మక డైలేషన్ కోణం వేసి వచ్చిన ఏ ఫలితాన్నీ నేను ఒప్పుకోను. సున్నా వేయాలి, లేదా ఉబ్బు ఎక్కడ ఆగాలో తెలిసిన మోడల్ వాడాలి. ఘర్షణ కోణాన్నే డైలేషన్ కోణంగా తీసుకునే అసోసియేటెడ్ ప్రవాహ నియమం గురించైతే చెప్పనవసరం లేదు, ఇసుక అంతగా ఉబ్బడం ఏ ప్రయోగశాలలోనూ కనిపించదు.

ఈ సంకటం నుంచి బయటపడడానికే స్థితిని లోపలే మోసుకెళ్లే మోడళ్లు వచ్చాయి. 1993లో జెఫరీస్ నార్‌శాండ్, 1996లో ఫాన్ వోల్ఫర్స్‌డార్ఫ్ హైపోప్లాస్టిక్ మోడల్, 2004లో డఫాలియాస్, మంజారీల మోడల్. వీటి గొప్పతనం ఒక్కటే, అది చాలా పెద్దది. ఒక ఇసుకకు ఒకే పరామితుల సమితి. సాంద్రత, ఒత్తిడి మారితే పరామితులు మార్చాల్సిన పని లేదు, ఆరంభ వాయిడ్ రేషియో మారిస్తే చాలు. నేను విడదీయమని అంటున్నది వీటి నిర్మాణంలోనే ఉంది. హైపోప్లాస్టిక్ మోడల్‌కు ఎనిమిది పరామితులు. ఎనిమిది అనగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. కానీ వాటిలో ఎక్కువభాగం సాదా పరీక్షలతో దొరుకుతాయని హెర్లే, గుడెహస్ 1999లో చూపించారు. క్రిటికల్ కోణం కోసం వదులుగా పోసిన ఇసుక కుప్ప వాలు కోణం, క్రిటికల్ వాయిడ్ రేషియో కోసం గరిష్ఠ వాయిడ్ రేషియో, రేణువుల దృఢత్వం కోసం వదులు నమూనా మీద ఈడోమీటర్ పరీక్ష (పక్కలకు కదలనివ్వకుండా పైనుంచి నొక్కేది). మిగిలిన రెండింటికే ట్రైయాక్సియల్ కావాలి.

ఇక్కడ పాటించవలసిన వరుస నాకు ప్రాణప్రదమైనది. నేరుగా కొలవగలిగిన పరామితిని ముందు స్థిరపరచాలి, దాన్ని మళ్లీ ముట్టుకోకూడదు. మిగిలినవాటిని ఒక్కొక్కటిగా, దాని ప్రభావం స్పష్టంగా కనిపించే పరీక్షతో తేల్చాలి. అన్నిటినీ ఒకేసారి ఆప్టిమైజేషన్ ప్రోగ్రామ్‌కు అప్పగిస్తే అది వక్రరేఖను అద్భుతంగా కలుపుతుంది. కాకపోతే అదే వక్రరేఖను అంతే బాగా కలిపే ఇంకో పది సమితులు ఉంటాయి. వాటిలో ఒకదాన్లో క్రిటికల్ కోణం 27గా, ఇంకోదాన్లో 38గా వచ్చినా ప్రోగ్రామ్‌కు బాధ లేదు. పరీక్ష చేసిన చోట అన్నీ ఒకేలా ఉంటాయి, పరీక్ష చేయని చోట దేని దారి దానిదే. మోడల్ అవసరపడేది సరిగ్గా పరీక్ష చేయని చోటే కదా.

అందుకే పెద్ద విశ్లేషణకు ముందు ఒకే ఒక్క ఎలిమెంట్‌తో (మోడల్‌లోని ఒక్క గడితో) పరీక్షలన్నింటినీ మళ్లీ నడిపి చూడాలి. కనీసం రెండు సాంద్రతలు, మూడు ఒత్తిళ్లు, అన్నింటికీ ఒకే సమితి. ప్రతిబలం, వికృతి వక్రరేఖ ఒక్కటి కలిస్తే సంతృప్తి పడకూడదు, ఘనపరిమాణం మార్పు వక్రరేఖను పక్కన పెట్టి చూడాలి. మొదటిది కలిసి రెండోది తప్పిపోయిన కాలిబ్రేషన్లు నివేదికల్లో ఎన్నో కనిపిస్తాయి, ఎందుకంటే రెండోదాన్ని చాలామంది గీయరు. ఇసుక కథంతా ఉన్నది ఆ రెండో వక్రరేఖలోనే. దట్టమైన నమూనాలో శిఖరం దాటిన భాగాన్ని కలపాలని తంటాలు పడనవసరం లేదు. అక్కడ నమూనా ఇక ఏకరీతిగా లేదు.

దీనికి ఎదురుగా వినిపించే వాదన ఒకటుంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. చాలా పనుల్లో ట్రైయాక్సియల్ పరీక్షలకు డబ్బు ఉండదు, సమయం ఉండదు, బోరు నివేదికలో నాలుగు ఎస్‌పీటీ అంకెలే ఉంటాయి. సరే, అప్పుడు సహసంబంధాలే ఆధారం. 2010లో బ్రింక్‌గ్రేవ్, ఆయన సహరచయితలు ఇసుకకు హార్డెనింగ్ సాయిల్ పరామితులన్నింటినీ ఒక్క సాపేక్ష సాంద్రత నుంచే ఇచ్చే సూత్రాలు ప్రచురించారు. సాంద్రత 50 శాతమైతే ఘర్షణ కోణం 34 చిల్లర, 100 కిలోపాస్కళ్ల దగ్గర లోడింగ్ దృఢత్వం 30 మెగాపాస్కళ్లు, అన్‌లోడింగ్ దృఢత్వం 90. నేనూ మొదటి అంచనాకు వీటిని వాడతాను. కానీ వీటిని చూసినప్పుడల్లా నాకు తట్టేది ఒకటే: లోపలికి వెళ్లే అంకె సాంద్రత ఒక్కటే. అది పదిహేను శాతం తప్పితే దానితోపాటు బయటకు వచ్చేవన్నీ కలిసికట్టుగా తప్పుతాయి. డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఆ కొద్ది డబ్బూ నేలలోని సాంద్రతను తెలుసుకోవడానికే ఖర్చు పెట్టాలని నేను పట్టుబట్టేది ఇందుకే. ఒక అదనపు కోన్ పరీక్ష, మూడు అదనపు ట్రైయాక్సియల్ పరీక్షలకంటే ఎక్కువ చెబుతుంది, ఆ ట్రైయాక్సియల్ నమూనాలను ఏ సాంద్రతకు తయారు చేయాలో తెలియనప్పుడు మరీను.

డేటా ఎక్కువైనంత మాత్రాన పని సులువవుతుందనీ అనుకోవద్దు. 1994లో అమెరికాలోని టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఇసుక మీద ఐదు పునాదులు కట్టి, కావలసినన్ని క్షేత్ర, ప్రయోగశాల ఫలితాలు ముందే ఇచ్చి, భారం వేస్తే ఎంత కుంగుతాయో చెప్పమని నిపుణులను పిలిచారు. 31 అంచనాలు వచ్చాయి. అన్ని ప్రశ్నలకూ కొలిచినదానికి ఇరవై శాతం లోపు జవాబులు ఇచ్చినవారు ఒక్కరూ లేరు. అందరికీ ఒకే నేల, ఒకే ఫలితాలు. తేడా అంతా ఆ ఫలితాల నుంచి పద్ధతిని, పరామితులను ఎంచుకోవడంలోనే వచ్చింది.

చివరిగా, సంశయం వచ్చినప్పుడు తక్కువ అంకె వేస్తే క్షేమం అనే నమ్మకం గురించి. భార సామర్థ్యం లెక్కలో అది నిజం. మోడలింగ్‌లో చాలాసార్లు కాదు. భూకంప విశ్లేషణలో దృఢత్వం తగ్గిస్తే నిర్మాణం మీదికి వచ్చే బలం తగ్గవచ్చు, అప్పుడు తక్కువ అంకె వేసినవాళ్లు ప్రమాదం వైపే జరిగారు. పైల్‌ను దించడానికి ఎంత సుత్తి కావాలో చూసేటప్పుడు తక్కువ ఘర్షణ కోణం వేస్తే సుత్తి చాలక పని ఆగుతుంది. గోడను పట్టి ఉంచే యాంకర్ల బలాలు ఇసుక, గోడల సాపేక్ష దృఢత్వాన్ని బట్టి పంపిణీ అవుతాయి, ఒకదాన్ని తక్కువ చేస్తే ఇంకోచోట తప్పు పుడుతుంది. మోడల్‌కు మన దగ్గరున్న అత్యుత్తమ అంచనా వేయాలి, భద్రతను తర్వాత వేరుగా కలపాలి, ఆపై స్థితిని రెండు వైపులా కదిలించి ఫలితం ఎంత మారుతుందో చూడాలి. కదిలించవలసింది ఫైని కాదు, వాయిడ్ రేషియోను. ఫై, డైలేషన్, దృఢత్వం దాని వెంట కలిసి కదలాలి. ఫైని ఒక్కదాన్నే మార్చి, డైలేషన్‌ను, దృఢత్వాన్ని కదల్చకుండా ఉంచిన సున్నితత్వ విశ్లేషణ ఎక్కడా లేని ఇసుకను పరీక్షిస్తోంది.

నా దగ్గరికి పరిశీలనకు వచ్చే నివేదికల్లో పరామితుల పట్టికకు నేను మూడు నిలువు గళ్లు అదనంగా అడుగుతాను. ఈ విలువ ఏ వాయిడ్ రేషియో పరిధికి, ఏ ఒత్తిడి పరిధికి, ఏ వికృతి పరిధికి. పరీక్ష నుంచి వచ్చిందా, సహసంబంధం నుంచి వచ్చిందా అన్నది పక్కనే రాయాలి. ఆ గళ్లు నింపడం మొదలుపెట్టగానే చాలామంది తమంతట తామే ఆగి, ఒకే పొరను రెండుగా చీల్చడమో, ఇంకో కోన్ పరీక్ష అడగడమో చేస్తారు.